వెలుపలి కొలత, లోపలి కారణం
(ప్లాటినం జూబిలీ సభలోని ప్రసంగ పాఠం)



పెరంబూరు రైలు కార్మికుల పేట. చక్రాన్ని సుత్తితో తట్టి, మ్రోగిన నాదాన్ని బట్టి పగులును పసిగట్టే పాతకాలపు విద్య ఇచ్చటి కుటుంబాలకు క్రొత్త కాదు. ఫలితాన్ని బట్టి కారణాన్ని తెలిసికొనే ఆ పద్ధతినే శాస్త్రజ్ఞులు విద్యుదయస్కాంత తరంగాలకూ అన్వయించారు.

చెన్నై ఓడరేవు భవనంపై 2002లో డాప్లర్ వాతావరణ రాడార్‌ను నెలకొల్పారు. అట్టి రాడార్ల ఆంటెన్నాను గాలివానల నుండి కాపాడే గోళాకార కవచమే రేడోమ్. అది తరంగాలకు అడ్డు కారాదు. ఒకచోట మందం హెచ్చినా, లోపల తేమ చేరినా, అచ్చట తరంగం ఆలస్యమై, కిరణపుంజం దిశ మారవచ్చును. తుపాను వేళ దిశలో పొరపాటు తీరవాసులకు ముప్పు.

కవచాన్ని కోయకుండా లోపాన్ని కనుగొనడమెట్లు? దాని చుట్టూ అనేక బిందువుల వద్ద క్షేత్రం యొక్క తీవ్రతను, దశను కొలుస్తారు. 1901లో లవ్, 1936లో షెల్కునాఫ్ వివరించిన తుల్యతా సూత్రం ప్రకారం, ఉపరితలంపై తగిన ప్రవాహాలను ఊహిస్తే అవి వెలుపల అదే క్షేత్రాన్ని కలిగిస్తాయి. అవి కవచంలో నిజంగా పారే విద్యుత్తు కాదు; గణితం నిలిపిన ప్రతినిధులు. కొలతల నుండి మాక్స్‌వెల్ సమీకరణాల సాయంతో వెనుకకు లెక్కించి, ఆ ప్రవాహాల పటాన్ని కంప్యూటరు గీస్తుంది. కవచం ఉన్నప్పటి పటాన్ని లేనప్పటి పటంతో పోల్చగా, దశలో అనుకోని తేడా కనిపించిన తావే అనుమానించదగినది. స్వీడన్ పరిశోధకులు క్రిస్టిన్ పెర్సన్, మాట్స్ గుస్టాఫ్సన్ 2005లో రేడోమ్‌పై ఇట్టి గణనను ప్రకటించారు.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. ఉపరితలంపై ఉన్న అతిసూక్ష్మ వివరాలు కొలిచే చోటికి చేరేసరికి క్షీణిస్తాయి. వాటిని బలవంతంగా రాబట్టబోతే కొలతలోని అల్పదోషం కొండంతై, లేని మచ్చలను చూపుతుంది. అందుచేత నమ్మదగని వివరాలను గణకుడు బుద్ధిపూర్వకంగా విడిచిపెడతాడు. ఎంతవరకు చెప్పవచ్చునో ఎరిగి అంతటితో ఆగడమే ఈ శాస్త్రానికి ప్రాణం.

బిడ్డల విషయంలోనూ ఈ నిగ్రహం అవసరం. ఒక పరీక్షలో వచ్చిన మార్కు ఒక్క బిందువు వద్ద తీసిన కొలత మాత్రమే. దానిని బట్టి బిడ్డ మందబుద్ధి అని తీర్పు చెప్పడం లేని మచ్చను గీయడమే. చూపు మందగించిందా, ఇంట కలతలున్నాయా, పాఠమే అర్థం కాలేదా అని తల్లిదండ్రులు, గురువులు కలిసి పలువైపుల నుండి పరిశీలించాలి. అప్పుడే అసలు కారణం తెలియవస్తుంది.

స్వస్తి.