పడవ గీయువారు, పడవ నడుపువారు

తోటపల్లి గూడూరు మండలమందలి కోడూరు వంటి ఇసుకతీరముల జాలరులు కెరటములను దాటియే వేటకు పోవలెను. అందులకే పూర్వులు దుంగలను త్రాళ్లతో బిగించి తెప్ప కట్టిరి. అందు నీరు నిలువదు, దానిని విప్పి గట్టునకు మోయవచ్చును. ఈ యనుభవము పడవ గీయువారికి తెలియుట యెట్లు? 1979లో ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రముగా ఆరంభించిన బంగాళాఖాత కార్యక్రమమున, ఇట్టి తీరములకై క్రొత్త పడవలను రూపొందించి, జాలరులచేతనే నడిపించి చూచిరి.

మా మనవి యిదియే: జాలరుల నడిగి తెలిసికొన్నవారు నివేదిక పంపి యూరకుండరాదు, గీయువారిని ఇసుకపైకి తోడ్కొని రావలెను. జాలరులతో కలిసి యొకమారు పడవను ఒడ్డునకు లాగినవారు దాని బరువును మరువరు. గీత తప్పినచో ఆ నష్టమును మోయునది జాలరి కుటుంబమే గదా!