కొత్త రోకలిబండకు పేరు పెట్టుట

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



తొలకరి వాన పడగానే పెంటకుప్పల ప్రక్కన, గట్లమీద, ఆకు రాలిన తోటలలో రోకలిబండలు బయలుదేరుట మీరు ఏటేటా చూచుచున్నదే. ముట్టుకొనగానే చుట్ట చుట్టుకొని పడుకొనే ఆ పురుగును కాలితో ప్రక్కకు నెట్టి మన పని మనము చూచుకొందుము. అయితే రోకలిబండ అనునది ఒక్క పురుగు పేరు కాదు, ఒక పెద్ద వర్గము పేరు. ప్రపంచములో ఇంతవరకు సుమారు 12,000 జాతుల రోకలిబండలను శాస్త్రజ్ఞులు వర్ణించి పేర్లు పెట్టినారు. పేరు లేనివి ఇంకను అంతకు కొన్ని రెట్లు ఉండునని అంచనా. వాటిలో ఒకదానికి పేరు పెట్టిన వైనము ఈవేళ మీకు చెప్పెదను.

థాయిలాండు దేశములో ఉతాయ్ థానీ రాష్ట్రమున హుప్ పా తాట్ అను చిన్న లోయ ఉన్నది. చుట్టును నిలువెత్తు సున్నపురాతి కొండలు. లోనికి పోవుటకు గుహయే దారి. లోపల తాటిజాతి చెట్లు, నీడ, తేమ. అక్కడ రాలిన ఆకులమీద సుమారు 3 సెంటీమీటర్ల పొడవుగల రోకలిబండలు కండ్లు చెదరే గులాబిరంగులో, దాగుకొనక తిరుగుచుండును. వీపున ఇరుప్రక్కల ముండ్లవంటి కొమ్ములు కూడ ఉండును. డెన్మార్కుకు చెందిన హెన్రిక్ ఎంగ్‌హాఫ్, థాయిలాండుకు చెందిన చిరసక్ సుచరిత్, సోమ్‌సక్ పన్హా అను శాస్త్రజ్ఞులు 2007లో దీనిని వర్ణించి 'డెస్మాక్సైటీస్ పర్‌ప్యూరోజియా' అని పేరు పెట్టినారు.

ఇంత చిన్న పురుగునకు అంత ధైర్యమెట్లు వచ్చినది? దాని ఒంటిలో విషమున్నది. బెదరినప్పుడు అది హైడ్రోసయానిక్ ఆమ్లమును వెలువరించును. చేదు బాదము వాసన వచ్చును. ఈ విషము మీకు కొత్త కాదు. లేత జొన్నపిలకలు మేసి పశువులు పడిపోయినప్పుడు మనము 'నాము' అనెడిది ఇదే. ఈ తెగ రోకలిబండలకు కండ్లే లేవు. కావున ఆ రంగు ఒకదానినొకటి చూచుకొనుటకు గాక, తినవచ్చిన పక్షులకు చేయు హెచ్చరిక.

రంగు ఇంత స్పష్టముగా ఉన్నప్పుడు కొత్త జాతి అని చెప్పుట సులభమే గదా అని మీరనవచ్చును. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనును అట్లే అనుకొని రంగును బట్టి రోకలిబండలను వేరు చేసి, స్పిరిటు సీసాలలో వేసి, పేర్లు వ్రాయక అలమరలో పెట్టినాను. కొన్నాళ్ళకు చూడగా రంగులు కరగిపోయి అన్నియు ఒక్కతీరుగా పాలిపోయినవి. ఏది ఏదో తెలియక ఆ శ్రమ అంతయు వృథా అయినది.

నిజమైన గుర్తు వేరొకచోట ఉన్నది. మగపురుగు ఏడవ కణుపునందు ఒక కాళ్ళ జత నడకకు గాక, ఆడదానితో జత కూడుటకు తగినట్లు మారియుండును. దాని వంపు, కొన, చీలిక జాతికొక తీరుగా ఉండును. నారుమడిలో ఆకును చూచి రెండు వరి వంగడములను పోల్చలేము; వెన్ను వేసి గింజ కట్టిన తరువాతనే ఇది ఫలానా అని చెప్పగలము. ఇదియు అట్టిదే. ఆ చిన్న అవయవమును సూక్ష్మదర్శిని క్రింద చూచి, బొమ్మ గీచి, పూర్వులు వర్ణించిన దాయాది జాతులన్నిటితో సరిపోల్చవలెను. దేనితోను కలియనప్పుడే కొత్తదని తేలును. అప్పుడు వర్ణన ప్రకటించి, ఒక పురుగును ఆ పేరునకు ప్రమాణముగా సంగ్రహశాలలో భద్రపరతురు. ఇట్లే పరిశీలించి 2018లో దీని దాయాదులలో కొన్నిటిని వేరుచేసి 'నాగాక్సైటీస్' అను కొత్త కుదురు క్రింద చేర్చినారు.

ఈ పనిలో తొందర కూడ ఉన్నది. ఈ దాయాదులలో అనేక జాతులు ఒక్కొక్క సున్నపురాతి కొండకో, గుహకో పరిమితమైనవి. సిమెంటు కొరకు ఆ కొండను పగులగొట్టినచో పురుగు పోవును; పేరు లేనిచో పోయినదను సంగతియే ఎవరికిని తెలియదు.

మనకు దీనివలన ఏమి? రోకలిబండలలో పెక్కు కుళ్ళిన ఆకులను తిని ఎరువుగా మార్చి నేలకు మేలు చేయును. కొన్ని మాత్రము లేత మొలకలను, నేలలోని వేరుసెనగ కాయలను కొరుకును. ఏది మేలు చేయునదో, ఏది కీడు చేయునదో తెలియవలెనన్న ముందు జాతి తెలియవలెను. రోగమేదో తెలియక పశువుకు మందు పోయుదుమా?

కావున మీరు గమనించవలసినవి:

1. కనబడినంతనే మందు చల్లకుడు. మొక్కకు నష్టమున్నదా, లేక ఆకుచెత్తలోనే ఉన్నదా అని మొదట చూడుడు.

2. ఒట్టిచేతితో పట్టకుడు. తగిలినచో సబ్బుతో కడుగుకొనుడు. ఆ చేతితో కండ్లు నలుపుకొనకుడు. పిల్లలకును చెప్పుడు.

3. మునుపెన్నడు చూడని రంగు పురుగు కనబడినచో, బ్రతికి ఉండగనే సెల్‌ఫోనుతో ఫొటో తీసి, తేదీ, చోటు, ఏ చెట్టు క్రింద ఉన్నదో వ్రాసికొని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రమువారికి చూపుడు. నేను సీసాలమీద వ్రాయక విడిచినవి ఈ వివరములే.