మాత్ర పక్కన ఉండేది మనమే
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పండగ పూట కేన్సర్ మాటేమిటని అనుకోకండి. మనలో చాలామందిమి అరవై దాటినవాళ్ళం. మన ఇళ్ళలోనో, చుట్టాల్లోనో ఈ మందులు వాడేవాళ్ళు ఉంటూనే ఉన్నారు. నాకిచ్చిన కాస్త సమయంలో ఒక్క విషయమే చెబుతాను. టార్గెటెడ్ థెరపీ మందులతో వచ్చే ఇబ్బందుల్ని ఇంట్లో ఎలా చూసుకోవాలన్నదే అది.

కీమోథెరపీ వేగంగా పెరిగే కణాలన్నిటి మీదా పడుతుంది. టార్గెటెడ్ మందు అలా కాదు. కేన్సర్ కణం పెరగడానికి ఆధారమైన ఒక ప్రొటీన్‌ని గురి చూసి ఆపుతుంది. అయితే అలాంటి ప్రొటీన్లు మన చర్మంలో, పేగుల్లో, గుండెలో కూడా ఉంటాయి. ఇబ్బందులు వచ్చేది అక్కడే.

ఒకప్పుడు ఈ మందులు మనకు అందేవి కావు. రక్త కేన్సర్‌కి వాడే ఇమాటినిబ్ నెలకు లక్ష రూపాయలు దాటేది. 2003లో హైదరాబాద్‌లోని నాట్కో కంపెనీ దాన్ని వీనాట్ పేరుతో చాలా తక్కువ ధరకు తెచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్‌కి పేటెంటు ఇవ్వడం కుదరదని తీర్పు చెప్పింది. కాలేయ, మూత్రపిండాల కేన్సర్లకు వాడే సొరాఫెనిబ్ అప్పట్లో నెలకు 2,80,000 రూపాయల పైమాటగా ఉండేది. 2012లో వచ్చిన కంపల్సరీ లైసెన్సుతో నాట్కో దాన్ని 8,880కి ఇచ్చింది. అలా మాత్ర మన ఇంటికొచ్చింది. ఆసుపత్రిలో సెలైన్ పక్కన నర్సు ఉంటుంది. ఇంట్లో మాత్ర పక్కన ఉండేది మనమే.

ఊపిరితిత్తుల కేన్సర్‌కి వాడే జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో ముఖం మీద, ఛాతీ మీద పొక్కులు రావచ్చు. "వేడి చేసింది" అని పసుపు, వేపాకు నూరి పట్టించకండి. మొటిమల క్రీములు కూడా వద్దు, అవి చర్మాన్ని ఇంకా ఎండగడతాయి. గోరువెచ్చని నీళ్ళ స్నానం, వాసన లేని మాయిశ్చరైజర్ రెండు పూటలా, ఎండలోకి వెళితే గొడుగు. తగ్గకపోతే డాక్టరు మందు రాస్తారు.

సొరాఫెనిబ్ వాడేవాళ్ళకు అరికాళ్ళు, అరచేతులు ఎర్రబడి, నొక్కుకునే చోట బొబ్బలెక్కుతాయి. చెప్పుల్లేకుండా చేలగట్ల మీద, ఎండకు కాలిన సిమెంటు వాకిట్లో తిరగడం మనవైపు అలవాటు. అది మానుకోవాలి. మెత్తటి చెప్పులు, నూలు మేజోళ్ళు, యూరియా ఉన్న క్రీము వాడాలి. ఈ మందు బీపీ కూడా పెంచుతుంది. ఇంట్లో బీపీ మిషను పెట్టుకుని అంకెలు రాసుకోండి.

విరేచనాలు పట్టుకుంటే పూటలు లెక్కపెట్టండి. మామూలు కంటే నాలుగు పెరిగితే డాక్టరుకి ఫోన్ చేయాలి. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన గంజి, అరటిపండు మంచివి. ఆవకాయ, పాలు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మన ఎండల్లో ఒంట్లో నీరు తగ్గడానికి ఒక్క రోజు చాలు.

ఇమాటినిబ్‌ని అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకోవాలి. ఎర్లోటినిబ్‌ని పరగడుపున. కళ్ళ కింద ఉబ్బు, పిక్కలు పట్టేయడం ఇమాటినిబ్‌తో మామూలే, అయినా డాక్టరుకి చెప్పాలి. గ్యాస్ మాత్రలు కొన్ని మందుల్ని ఒంటికి పట్టనివ్వవు. పంపరపనస, నాటు కషాయాలు కొన్ని మందుల మోతాదును తారుమారు చేస్తాయి. రొమ్ము కేన్సర్‌కి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళు మూడు నెలలకోసారి గుండె ఎకో తీయించుకోవాలి.

ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం, ఛాతీలో నొప్పి, జ్వరం. ఇవి వస్తే తెల్లారేదాకా చూడకండి.

ఇక అసలు సంగతి. లండన్‌లో ఇమాటినిబ్ వాడుతున్న 87 మంది మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. నూటికి 90కి మించి మాత్రలు వేసుకున్నవాళ్ళలో నూటికి 94 మందికి జబ్బు బాగా అదుపులోకి వచ్చింది. అంతకంటే తగ్గినవాళ్ళలో 28 మందికే. అంటే నెలకు మూడు మాత్రలు తప్పడమే తేడా. మన బడిలో 75 శాతం హాజరుంటే పరీక్షకు కూర్చోనిచ్చేవారు. ఇక్కడ 90 కూడా బొటాబొటీయే.

మాత్ర మానేసేది మరుపు వల్లే కాదు, ఇబ్బంది ఓర్చుకోలేక కూడా. మానేసిన సంగతి డాక్టరుకి చెబితే కోప్పడతారని దాస్తారు. మందు మార్చేస్తారేమోనన్న భయంతో ఇబ్బందినీ దాస్తారు. రెండూ తప్పే. మోతాదు తగ్గించడం, నాలుగు రోజులు విరామం ఇవ్వడం, వేరే మందుకి మార్చడం, అన్నీ వైద్యంలో భాగమే. ఆ నిర్ణయం మాత్రం డాక్టరుది కావాలి.

మన చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి స్వచ్ఛ కార్యకర్తలు తెల్లవారకముందే లేచి వీధులు శుభ్రం చేస్తున్నారు. చెత్త కుప్పపడేదాకా ఆగరు. ఈ ఇబ్బందుల్ని కూడా అలాగే చూడాలి, చిన్నగా ఉన్నప్పుడే.

సంఘానికి ఒక్క విన్నపం. స్వర్ణోత్సవం గుర్తుగా మందు వాడే ప్రతి ఇంటికీ ఒక చిన్న నోటుపుస్తకం ఇద్దాం. అందులో రోజూ మాత్రకి హాజరు వేయాలి. బీపీ, విరేచనాలు, పొక్కులు, నొప్పి రాయాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చేతిలో పట్టుకెళ్ళాలి. హాజరు పిలవడం మనకు నేర్పింది ఈ గురువులే. ఆ పద్ధతిని ఇప్పుడు మన ఇంట్లోవాళ్ళ ప్రాణం కోసం వాడుకుందాం.