వరి ఎండు తెగులు: గుర్తించు విధానము
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పైరుకు తెగులు సోకినప్పుడు గ్రామములో మొట్టమొదట వినవచ్చు ప్రశ్న "ఏ మందు చల్లవలెను?" అన్నది. అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. అది "ఇది ఏ తెగులు?" అన్నది. దీనికి సమాధానము తెలియనిదే మందు మాట తలపెట్టుట వ్యర్థము. పక్క చేనివాడు చల్లినాడని తానును చల్లుట, అంగడివాడు ఇచ్చిన సీసా తెచ్చి కుమ్మరించుట మన పల్లెలలో పరిపాటి అయినది. పోల్చుకొనలేని తెగులుకు తగని మందు చల్లినచో సొమ్ము పోవును, పైరును దక్కదు. కావున నేడు వరి పైరును పట్టి పీడించు బాక్టీరియా ఎండు తెగులును గూర్చియు, దానిని గుర్తించు మార్గములను గూర్చియు మీకు మనవి చేయదలచినాము.

తెగుళ్లకు కారకులు

పైరుకు తెగుళ్లు కలిగించు సూక్ష్మజీవులు ముఖ్యముగా మూడు తెగలు. మొదటివి శిలీంధ్రములు, అనగా బూజు జాతి. వరిలో అగ్గి తెగులు, పొడ తెగులు వీని వలన కలుగును. రెండవవి వైరసులు. వీనిని చాలవరకు పురుగులు మోసికొని వచ్చును. తుంగ్రో వైరసును పచ్చ దీపపు పురుగులు వ్యాపింపజేయును. మూడవవి బాక్టీరియాలు. ఇవి ఒకే కణము గల జీవులు. ఎండు తెగులు కలిగించు బాక్టీరియాలను వేయింటిని వరుసగా పేర్చినను ఆ వరుస నిడివి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు.

ఈ బాక్టీరియాలు ఆకు పొరను తమంత తాముగా తొలుచుకొని లోనికి పోజాలవు. గాలివానకు ఆకులు ఒరసికొని చీలినచోట, నారు పీకునప్పుడు తెగిన వేళ్లలో, త్రుంచిన నారు కొసలలో, ఆకు అంచున నీరు స్రవించు సహజ రంధ్రములలో అవి ప్రవేశించును. లోపల నీరు పారు నాళములలో వృద్ధి పొంది వానిని మూసివేయును. మడి నిండ నీరున్నను ఆకు ఎండిపోవుటకు కారణమిదియే.

మొక్కలకును బాక్టీరియాల వలన తెగులు వచ్చునని 1878లో అమెరికాలోని ఇల్లినాయిలో థామస్ బరిల్ అను శాస్త్రజ్ఞుడు బేరి చెట్ల మాడు తెగులును పరిశీలించి వెల్లడించెను. వరిలో ఈ ఎండు తెగులును జపాను దేశపు ఫుకువోకా ప్రాంత రైతులు 1884లో గమనించిరి. నేలలోని ఆమ్లగుణమే దీనికి కారణమని అక్కడ కొంతకాలము తలచిరి. అటుపిమ్మట 1909లో, తెగులు సోకిన ఆకులపై నిలిచిన మంచు బిందువులలో బాక్టీరియాలున్నవని తెలిసినది. మన దేశములో 1963లో బీహారు రాష్ట్రమున ఈ తెగులు తీవ్రముగా చెలరేగెను. తరువాత వచ్చిన తైచుంగ్ నేటివ్-1 వంటి పొట్టి రకములు దీనికి సులభముగా లొంగిపోయినవి.

చేనిలో కనిపించు లక్షణములు

తెగులు సాధారణముగా ఆకు కొసనుండియో, అంచులనుండియో ప్రారంభమగును. మొదట నీటిలో నానినట్లు కనిపించు చారలు ఏర్పడును. క్రమముగా అవి పసుపు వన్నెకు తిరిగి అంచు వెంబడి క్రిందికి దిగును. పచ్చని భాగమునకును, ఎండిన భాగమునకును నడుమ గీత తిన్నగా ఉండదు, అలల వలె వంకరలు తిరిగి ఉండును. తుదకు ఆకు గడ్డి రంగుకు మారి ఎండిపోవును.

ఉదయము మంచు ఆరకముందే చేనికి పోయి చూచినచో, లేత మచ్చలపై పాలవలె మసకబారిన చిన్న బిందువులు కనిపించును. ఎండ ముదిరిన పిమ్మట ఇవి గట్టిపడి, పసుపు వన్నె పూసల వలె ఆకునకు అంటుకొని యుండును. ఈ బిందువులలో ఉన్నవి లెక్కకు మిక్కిలియైన బాక్టీరియాలే. వాన చినుకులతో, గాలితో, మడినుండి మడికి పారు నీటితో ఇవి ఇతర మొక్కలకు చేరును.

నాటిన కొలది దినములకే తెగులు సోకినచో, లేత మొక్క మొత్తము వడలి చనిపోవచ్చును. దీనిని చూచి కాండము తొలుచు పురుగు అని భ్రమపడుదురు. పురుగు పట్టిన పిలకలో ఎండిన మొవ్వును లాగినచో సులభముగా ఊడివచ్చును, మొదట పురుగు కొరికిన గుర్తు కనిపించును. బాక్టీరియా సోకిన మొక్కలో ఈ గుర్తు ఉండదు. మొదలును కోసి వ్రేళ్లతో నొక్కినచో పసుపు వన్నె జిగురు వెలువడును.

పొటాషు లోపమున్నను ఆకు కొసలు, అంచులు ఎండును. కాని ఆ లోపము ముదురాకులలో ముందుగా కనిపించును, జిగురు బిందువులు మాత్రముండవు. అగ్గి తెగులు మచ్చలు నూలు కండె ఆకారములో, నడుమ బూడిద రంగుతో నుండును. ఇన్ని పోలికలున్నందున కంటిచూపును మాత్రమే నమ్మరాదు.

గాజు గ్లాసు పరీక్ష

ప్రయోగశాల అక్కరలేని సులభమైన పరీక్ష యొకటి కలదు. ప్రతి పంచాయతీలోను కనీసము ఇరువురు సభ్యులు దీనిని నేర్చికొనవలెనని మా కోరిక.

కొత్తగా తెగులు సోకిన ఆకును తీసికొని మంచినీటితో కడుగుడు. పచ్చని భాగమును, పసుపుబారిన భాగమును కలియు చోట శుభ్రమైన బ్లేడుతో అడ్డముగా కోయుడు. ఒక గాజు గ్లాసులో తేటనీరు పోసి, కోసిన అంచు నీటిలో మునుగునట్లు ఆ ముక్కను కదలకుండ నిలుపుడు. గ్లాసు వెనుక నల్లని కాగితముంచి, వెలుతురులో చూడుడు. బాక్టీరియా తెగులైనచో, కొలది నిమిషములలో కోసిన అంచునుండి పాలదారము వంటి సన్నని ధార క్రిందికి దిగును. కొంతసేపటికి నీరు మసకబారును. పక్కన మరియొక గ్లాసులో ఆరోగ్యముగా నున్న ఆకును అదే విధముగా నిలిపి పోల్చి చూడవలెను. ఈ రెండవ గ్లాసు లేనిదే పరీక్ష పూర్తి కాదు. ఆకు ధూళికి నీరు మసకబారినదో, బాక్టీరియా వలననో తెలియుట దాని మూలముననే.

టమోటా, వంగ మొక్కలు పచ్చగా నుండగనే హఠాత్తుగా వడలినప్పుడును ఇట్లే కాండము ముక్కను నీటిలో వ్రేలాడదీసి చూడవచ్చును. ధార దిగినచో అది బాక్టీరియా వడలు తెగులు. శిలీంధ్రము వలన కలుగు వడలు తెగులులో ఇట్టి ధార దిగదు.

ఈ పరీక్షకు హద్దులును కలవు. అది బాక్టీరియా యున్నదని చెప్పును గాని, ఏ బాక్టీరియాయో చెప్పదు. వరిలోనే ఈనెల నడుమ సన్నని గీతలుగా వచ్చు బాక్టీరియా చారల తెగులు వేరొకటి కలదు. మరియు, పూర్తిగా ఎండిన పాత ఆకులో ధార కనిపించకపోవచ్చును. కావున ధార దిగలేదన్నంత మాత్రమున తెగులు లేదని నిశ్చయింపరాదు. నిమ్మ గజ్జి తెగులు వంటి మచ్చలను సూక్ష్మదర్శినిలో చూచుటయే మేలు.

ప్రయోగశాలలో జరుగు పరీక్షలు

సందేహము తీరనిచో నమూనాను మండల వ్యవసాయాధికారి ద్వారా గాని, కృషి విజ్ఞాన కేంద్రము ద్వారా గాని పరీక్షకు పంపవలెను. అక్కడ మొదట మచ్చ అంచును కోసి, సూక్ష్మదర్శినిలో బాక్టీరియాలు వెలువడుటను చూతురు. తరువాత వానిని పోషక పదార్థము గల గాజు పళ్లెరములో పెంచుదురు. ఎండు తెగులు బాక్టీరియా గుండ్రని, జిగురుగల పసుపు చుక్కలుగా పెరుగును. డెన్మార్కు వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన రంగు పరీక్షలో ఇది ఎరుపు వన్నె దాల్చును.

అంతటితో నిర్ణయము కాలేదు. పెంచిన బాక్టీరియాను ఆరోగ్యమైన వరి మొక్కకు సోకింపజేయుదురు. కత్తెరను ఆ ద్రవములో ముంచి ఆకు కొసలు కత్తిరించి, సుమారు రెండు వారములు వేచియుందురు. అవే లక్షణములు కనిపించి, ఆ మొక్కనుండి మరల అదే బాక్టీరియా లభించినప్పుడే అపరాధి దొరికినట్లు. నేడు జన్యు పదార్థమును పరీక్షించు పి.సి.ఆర్. పద్ధతి వలన ఈ నిర్ణయము త్వరితముగా జరుగుచున్నది.

నమూనా పంపువారు సగము పచ్చగా, సగము తెగులుగా నున్న ఆకులను ఎన్నుకొనవలెను. తడి తుడిచి కాగితపు కవరులో ఉంచవలెను. ప్లాస్టిక్ సంచిలో మూసినచో ఆకులు కుళ్లి, ఇతర సూక్ష్మజీవులు పెరిగి, పరీక్ష చెడును. గ్రామము పేరు, వరి రకము, నాటిన తేది, వేసిన ఎరువులు, చల్లిన మందులు వ్రాసి జతపరుపవలెను.

గుర్తించిన పిమ్మట

సోకిన తెగులును పూర్తిగా నయము చేయు మందు లేదు. అగ్గి తెగులుకు వాడు శిలీంధ్రనాశినులు దీనిపై పనిచేయవు. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులను విచ్చలవిడిగా చల్లుట ప్రమాదకరము. 1943లో కనుగొనబడిన ఆ మందు మనుష్యుల క్షయవ్యాధికి వాడబడినది. పొలములలో ఇట్టి మందులు చల్లినకొలది వానికి లొంగని సూక్ష్మజీవులు తయారగును. ఈ కారణముననే వ్యవసాయములో వీని వాడుకను నిషేధింపదలచి కేంద్ర ప్రభుత్వము 2021లో ముసాయిదా ఉత్తర్వును ప్రకటించెను.

తెగులు కనిపించిన వెంటనే యూరియా వేయుట ఆపవలెను. నత్రజని మితిమీరినచో తెగులు విజృంభించును. వీలైనచో మడిలోని నీరు తీసివేయవలెను గాని, ఆ నీటిని పక్క మడిలోనికి వదలరాదు. తెగులు వచ్చు ప్రాంతములలో నాటునప్పుడు నారు కొసలు త్రుంచరాదు. తెగులు సోకిన చేని ధాన్యమును విత్తనమునకు ఉంచరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది తట్టుకొను రకమును ఎన్నుకొనుట. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, తినుటకు శ్రేష్ఠమైనదైనను ఈ తెగులుకు లొంగును. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును కలసి, తెగులును ఎదిరించు మూడు జన్యువులను దానిలో చేర్చి, మెరుగైన సాంబ మసూరిని రూపొందించినవి. అది 2008లో విడుదలైనది. ఆ జన్యువులలో ఒకటి ఆఫ్రికాలోని అడవి వరినుండి లభించినది. బాక్టీరియాలోను పలు తెగలుండుట వలన, మీ ప్రాంతమునకు ఏ రకము తగునో వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనుడు.

పంచాయతీల బాధ్యత

రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన 29 అంశములలో వ్యవసాయమే మొదటిది. ఎండు తెగులు విషయములో ఈ బాధ్యత మరింత స్పష్టము. ఒక రైతు ఎంత జాగ్రత్తపడినను, ఎగువ మడి నీరు అతని మడిలోనికి పారుచుండగా అతని శ్రమ నిష్ఫలము. ప్రతి మడికి వేరుగా నీరు పెట్టుకొనుటకు, వేరుగా తీసివేయుటకు తగిన బోదెలు, మురుగు కాలువలు పదుగురు కలసి నిర్ణయించుకొనవలసినవి.

గాలివాన వెలసిన మూడు నాలుగు దినములకు మొదలుపెట్టి, సభ్యులు తమ వార్డు రైతులతో కలసి ఉదయమున చేలు చూచిరండు. అనుమానము కలిగిన చోట గ్లాసు పరీక్ష చేయుడు. ఏ చేనిలో ఏ తేదిన ఏ రకములో తెగులు కనిపించినదో పంచాయతీ పుస్తకములో వ్రాయించుడు. రెండు మూడేండ్లు ఇట్లు వ్రాసినచో, మీ గ్రామములో తెగులు ఏ కాలువ వెంట ప్రాకుచున్నదో, ఏ రకము తట్టుకొనుచున్నదో మీకే తేటపడును. మందు కొనుటకు రైతు అంగడికి బయలుదేరకముందే, ఆ మందు అవసరమా కాదా అని చెప్పగలిగినచో, పంచాయతీ ఆ రైతుకు చేసిన సహాయము తక్కువది కాదు.