మనిషికో ఆవు: బోట్స్వానా కట్టుకున్న చదువు



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని అడిగారు. ఉపకార వేతనాల లెక్కలు కార్యదర్శిగారి నివేదికలో ఎలాగూ ఉన్నాయి. కనుక మేము ఒక దేశం సంగతి చెబుతాము. అది దక్షిణాఫ్రికాకు ఉత్తరాన ఉన్న బోట్స్వానా. మా తరగతి పిల్లలకు కలహారి ఎడారి పేరు తెలుసు. ఆ నేల మీద బతికే మనుషుల సంగతి మాత్రం తెలియదు.

మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా విస్తీర్ణంలో ఆ దేశంలో సగానికి రావు. జనాభా మాత్రం సుమారు 25 లక్షలే. వారి భాష సెట్స్వానా. ఎదురైన మగవారిని 'దుమేలా రా' అనీ, స్త్రీలను 'దుమేలా మా' అనీ పలకరిస్తారు. మనం అయ్యా, అమ్మా అన్నట్టే. వారి డబ్బు పేరు 'పులా'. ఆ మాటకు వాన అని అర్థం. దీవెనకూ అదే మాట, సభలో అందరూ కలిసి పలికే జయధ్వానానికీ అదే మాట. వాన కోసం ఆకాశం వంక చూసి బతికిన మన పల్లెలవారికి ఇది వేరే వివరించనక్కరలేదు.

ఊరి పెద్ద ఇంటి దగ్గర 'ఖోట్ల' అనే సభాస్థలం ఉంటుంది. తగవులు, భూముల సంగతులు అక్కడే తేలతాయి. అందరూ చెప్పింది విన్నాకే పెద్ద తన మాట చెబుతాడు. పూర్వం అక్కడ స్త్రీలకు చోటు లేదు. ఆ లోటును మేము దాచము.

ఆ సమాజంలో ఆస్తి అంటే పశువులే. మందలున్నవాడు లేనివాడికి ఆవులను మేపుకోమని అప్పగించే 'మఫీసా' అనే ఆచారం ఉంది. పాలూ దుక్కీ మేపుకున్నవాడివి, ఆవు మాత్రం యజమానిది. అయితే కలహారి ఆదివాసులైన సాన్ ప్రజలు చాలాకాలం పెద్దల మందలను కూలి లేకుండానే కాశారు. మఫీసాను మెచ్చుకునేవారు ఈ సంగతీ చెప్పాలి.

1885లో ఆ నేల బ్రిటిష్ రక్షణ కిందకు వచ్చింది. సెసిల్ రోడ్స్ కంపెనీ దాన్ని మింగబోతుంటే 1895లో మూడవ ఖామా, సెబెలె, బతోయెన్ అనే ముగ్గురు నాయకులు లండన్ దాకా వెళ్ళి తమ గోడు వినిపించుకున్నారు. 1966 సెప్టెంబరు 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశమంతా కరువు. పట్టభద్రులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మరుసటి ఏడాదే ఒరాపా దగ్గర వజ్రాలు దొరికాయి. ఆ నేల తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగది. అయినా భూగర్భ సంపద తెగలది కాదు, దేశానిది అని ఆ ప్రభుత్వమే చట్టం చేసింది. అదృష్టం కలిసొచ్చిందని చాలామంది అంటారు. మాకు మాత్రం అదృష్టం కన్నా ఈ చట్టమే పెద్దదిగా కనిపిస్తుంది.

అసలు కథ 1975లో మొదలైంది. అప్పటివరకు బోట్స్వానా, లెసోతో, స్వాజీలాండ్ మూడింటికీ కలిపి ఒకటే విశ్వవిద్యాలయం. దాని ప్రధాన ఆవరణ లెసోతోలో ఉండేది. ఆ ఏడాది లెసోతో విడిపోయి దాన్ని తనదిగా చేసుకుంది. బోట్స్వానా విద్యార్థులు వెనక్కి వచ్చేశారు. సొంత ఆవరణ కట్టుకోవాలంటే ఖజానా చాలదు. 1976లో అధ్యక్షుడు ప్రజలనే అడిగాడు. ఆ ఉద్యమం పేరు 'మోథో లె మోథో ఖోమో', అంటే మనిషికో ఆవు. పదిలక్షల మంది కూడా లేని దేశం అది. ఊళ్ళవాళ్ళు పశువులను తోలుకొచ్చారు. 1982లో ఆ విద్యాసంస్థే బోట్స్వానా విశ్వవిద్యాలయమైంది. ఆ దానాల గుర్తుగా ఆవరణలో విగ్రహం కూడా నిలబెట్టారు.

ఈ పాఠం చెబుతుంటే మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మరి ఆవు లేనివాళ్ళు?" అంది. కోడిని ఇచ్చారు, గుడ్లు ఇచ్చారు, జొన్నలు కొలిచి ఇచ్చారు. ఏదీ తక్కువని తిప్పి పంపలేదు.

అందుకే కార్యవర్గానికి మాదొక మనవి. మన సంచికలో పెద్ద మొత్తాలిచ్చినవారి ఫోటోలు ముందు పేజీల్లో వస్తాయి. రావలసిందే. యాభై రూపాయలిచ్చిన రిక్షా సోదరుడు, బీడీలు చుట్టే అక్క మాత్రం చివర 'ఇతరులు' అన్న ఒక్క వరుసలో కలిసిపోతున్నారు. వచ్చే ఏడాది ఆ వరుస తీసేసి, ఒక్కొక్కరి పేరూ అచ్చు వేయండి. రసీదు పుస్తకాలు చూసి జాబితా రాసిపెట్టే పని మా ఉపాధ్యాయులం చేస్తాము.