పిండి పొరలో పాళ్ళు

మేము మలేసియాలో మూడవ తరమువారము. మా వృత్తి ఉపాధ్యాయ వృత్తి. మా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నది గనుక తప్పులుంటే మన్నించగలరు.

ఈ ఉగాదికి ప్రసాదము ప్లాస్టిక్ సంచులలో పంచరాదని అనుకున్నాము. అప్పుడు ఒక విద్యార్థిని, "మాస్టారూ, కర్రపెండలపు పిండితో సంచి మనమే చెయ్యకూడదా?" అని అడిగింది.

కర్రపెండలము, అనగా ఇక్కడి ఉబి కాయు, మా ఇంట్లో చిన్న మాట కాదు. 1942 నుండి 1945 వరకు జపానువారి పాలనలో బియ్యము కరువై మా పెద్దలు దానితోనే ప్రాణము నిలుపుకున్నారు. ఆ రోజులు గుర్తుకు వస్తాయని మా అమ్మగారు తరువాత దానిని ముట్టలేదు.

పది గ్రాముల పిండిని నీటిలో కలిపి, గంజి చిక్కబడి తేటపడే వరకు కాచి, పళ్ళెములో పలుచగా ఆరబెట్టాము. అద్దమువంటి పొర వచ్చింది. చేతిలోకి తీసుకోగానే అప్పడమువలె విరిగింది. పిండిలోని పొడవాటి అణువుల గొలుసులు నీరు ఆరగానే ఒకదానినొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఇక కదలడానికి చోటుండదు.

రెండవసారి మూడు గ్రాముల గ్లిజరిన్ కలిపాము. అది గొలుసుల మధ్య చేరి పట్టు సడలించింది. పొర వంచినా విరగలేదు. మూడవసారి ఒక అబ్బాయి ఉత్సాహముతో దానికి రెట్టింపు పోశాడు. ఆ పొర జిగటగా సాగి, లాగగానే చిరిగింది. గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన ఊరి గాలిలో తేమకు కొదవ లేదు గదా!

తేనెమైనము కలిపితే తేమ అంత త్వరగా చొరబడదు, గాని పొర మసకబారుతుంది. సన్నని నార కలిపితే బలము పెరుగుతుంది, సాగుదల తగ్గుతుంది. నిమ్మ ఉప్పు వేసి బాగా వేడిచేస్తే గొలుసులను ముడివేసి నీటికి కొంత ఓర్చుకునేటట్లు చేస్తుంది. ఏది కలిపినా ఒకటి ఇచ్చి మరొకటి తీసుకుంటుంది.

గోదావరి సీమలోని ఆత్రేయపురపు పూతరేకు కూడ పిండి పొరయే. పలుచని బియ్యపు పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కాగిన కుండపై పరచి రేకు తీస్తారు. మడిచే ముందు తడిగుడ్డ తగిలిస్తారు. ఆ తడియే రేకును వంచుతుంది. మన తల్లులకు ఈ సూత్రము చేతిలోనే ఉన్నది.

అంగడిలో "మట్టిలో కలిసిపోవును" అని వ్రాసిన సంచులన్నియు ఒకటి కావు. కొన్నింటిలో పిండితో పాటు వేరే పదార్థములు కలిపి ఉంటాయి. అటువంటివి ఎరువు కర్మాగారపు వేడిలో తప్ప త్వరగా కరగకపోవచ్చు. ఏమి కలిపారో అడిగి కొనండి.

మా పొర తడి ప్రసాదమునకు ఆగలేదు. పులిహోర అరటి ఆకులోనే పెట్టాము. పసుపు కుంకుమల పొట్లాలకు మాత్రము పిల్లలు చేసిన పొరనే వాడాము.

ఇంకొక్క మాట. పిల్లలు తెలుగులో మలాయి మాటలు కలిపితే మేము కోప్పడేవారము. అందుచేత కొందరు మాట్లాడడమే మానేశారు. ఇప్పుడు పాళ్ళు మాత్రము చూస్తున్నాము. బొత్తిగా కలపనివ్వకపోతే విరుగుతుంది, మితిమీరితే నిలువదు.