బాలింతకు జుట్టు రాలుట



కాన్పయిన మూడవ నెలలో కోడలి దువ్వెననిండ వెండ్రుకలు వచ్చుట చూచి, కొందరు దిష్టి యందురు. కొందరు తలకు నూనె చాలలేదందురు. కారణ మది కాదు.

మన తలపై పదింట తొమ్మిది వెండ్రుకలు పెరుగుచుండును. తక్కినవి విశ్రమించి రాలును. దినమునకు 50 మొదలు 100 వరకు రాలుట సహజము. గర్భకాలమున రాలక నిలిచినవి ప్రసవానంతరము విశ్రాంతికి బోయి, రెండు మూడు నెలలకు ఒక్కుమ్మడిగ రాలును. తీవ్రజ్వరము, అధిక రక్తస్రావము, పస్తులు, వీని పిదపను ఇట్లే జరుగును. కుదురు చావదు గనుక వెండ్రుక మరల మొలచును. సాధారణముగ ఆరు నెలలలో రాలుట తగ్గును.

అయితే పథ్యము పేర బాలింతకు కారపు మెతుకులే పెట్టినచో రక్తహీనత కలిగి, ఆ నష్టము హెచ్చును. పప్పు, ఆకుకూరలు, పాలు, అలవాటున్నచో గ్రుడ్లును పెట్టుడు. ప్రభుత్వ వైద్యశాలలో నిచ్చు ఇనుపధాతువు మాత్రలను 180 దినములు మ్రింగింపుడు. ఆరు నెలలు దాటినను తగ్గకున్నను, పేనుకొరుకుడువలె గుండ్రముగ ఊడినను, మిక్కిలి నీరసమున్నను వైద్యునకు చూపుడు. రక్తమును, థైరాయిడ్ గ్రంథిని పరీక్షింతురు.

అంతవరకు ఆమెను ఎవరును నిందింపకుండ చూచుట పెద్దల విధి. “మరల వచ్చునమ్మా” యని మీరే చెప్పుడు.